78 సీ10, 350 ఇంజిన్: రోజూ నడిపే బండికి ఏ క్యామ్ వేస్తే మంచిది?

గోదారిగట్టు, కేటీ, టెక్సాస్

అందరికీ నమస్కారం. నా దగ్గర 1978 షెవ్రొలే సీ10 పికప్ ఉంది. 350 (క్యూబిక్ అంగుళాల) ఇంజిన్, క్వాడ్రాజెట్ కార్బురేటర్, టర్బో 350 ఆటోమేటిక్ గేర్‌బాక్స్, వెనక యాక్సిల్ గేరు నిష్పత్తి 3.08. పవర్ బ్రేకులు, ఏసీ రెండూ పనిచేస్తున్నాయి. షోలకు తీసుకెళ్లే బండి కాదు. వారానికి నాలుగు రోజులు ఐ-10 మీద హ్యూస్టన్‌లో ఆఫీసుకి ఇందులోనే వెళ్తాను.

రెండు నెలల నుంచి మిస్సింగ్ కొడుతోంది. ప్లగ్గులు మార్చాను, వైర్లు మార్చాను, డిస్ట్రిబ్యూటర్ క్యాప్ మార్చాను. తగ్గలేదు. కంప్రెషన్ చూస్తే ఎనిమిది సిలిండర్లూ 140, 145 పీఎస్ఐ మధ్యే ఉన్నాయి. చివరికి మొన్న ఆదివారం డ్రైవర్ వైపు వాల్వ్ కవర్ ఊడదీసి, డిస్ట్రిబ్యూటర్‌కి వచ్చే కరెంటు వైరు పీకేసి, మా ఆవిడని స్టార్టర్ కొట్టమన్నాను. వాల్వులని నొక్కే రాకర్లన్నీ వరసగా లేస్తూ పడుతూ ఉంటే ఐదో సిలిండర్ ఎగ్జాస్ట్ రాకర్ ఒక్కటీ ఒళ్లు బద్ధకంగా కదులుతోంది. డయల్ గేజ్ పెట్టి కొలిచాను. పక్క ఎగ్జాస్ట్ వాల్వులు 400 థౌ (అంగుళంలో వెయ్యో వంతు ఒక థౌ) దాకా లేస్తున్నాయి, ఇది 215 దగ్గరే ఆగిపోతోంది. అంటే దాన్ని ఎత్తే లోబ్, అదే వాల్వులు తెరిచే క్యామ్ కడ్డీ మీది ఉబ్బు, అరిగిపోయింది. క్యామ్ మార్చక తప్పదు.

ఎలాగూ మారుస్తున్నాను కదా, కంపెనీ క్యామ్ కన్నా కాస్త మంచిది వేద్దామని ఆశ. ఇక్కడ స్పేర్ పార్టుల షాపులో కౌంటర్ దగ్గరున్న కుర్రాడు 292 వెయ్యమన్నాడు. 50 థౌ దగ్గర డ్యూరేషన్ (వాల్వ్ తెరిచి ఉండే కాలం) 244 డిగ్రీలు, లిఫ్ట్ (వాల్వ్ లేచే ఎత్తు) 501 థౌ. అది వేసిన కమారో ఒకటి షాపు బయటే ఉంటే స్టార్ట్ చేసి వినిపించాడు. నిలబడి ఉన్న బండి దడ్... దడదడ్... దడ్ అని ఊగుతోంది. నిజం చెప్తున్నాను, ఆ చప్పుడుకి నాకు ఒళ్లు పులకరించింది. ఇంటికొచ్చి చదివితే ఇంకో రెండు కనిపించాయి. ఎడెల్‌బ్రాక్ పెర్ఫార్మర్ ఒకటి, డ్యూరేషన్ ఇన్‌టేక్‌కి 204, ఎగ్జాస్ట్‌కి 214, అంటే 204/214. కాంప్ క్యామ్స్ ఎక్స్‌ఈ262 ఒకటి, 218/224. కానీ డబ్బా మీద చూస్తే పెర్ఫార్మర్‌కి 278 అని, కాంప్ దానికి 262 అని రాసి ఉంది. మరి ఏది పెద్దదో ఏది చిన్నదో కూడా నాకు అంతుపట్టలేదు.

మా నాన్న రాజమండ్రిలో ముప్పై ఏళ్లు అంబాసిడర్ టాక్సీ నడిపారు. ఆయన పక్కన కూర్చుని ఫీలర్ గేజ్‌తో ట్యాపెట్లు సెట్ చేయడం పదో క్లాసులోనే నేర్చుకున్నాను. పాన పట్టుకోవడానికి భయం లేదు. క్యామ్ మాత్రం ఇదే మొదటిసారి. ఈ మూడింట్లో ఏది వెయ్యాలి? ఈ వంకన రోలర్ క్యామ్‌కి (ట్యాపెట్ కింద చక్రం ఉండే రకం) వెళ్లిపోతే మంచిదా?

---

ఓరుగల్లు383, డాలస్

బ్రదర్, 292 వేసెయ్. నా షెవెల్‌లో ఆరేళ్లుగా దాదాపు ఆ సైజు క్యామే ఉంది. 3500 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) దాటాక లాగే లాగుడు ఉంటుంది చూడు, సీటుకి అతుక్కుపోతావు. అయితే ఒక మాట, నాది 383, కంప్రెషన్ నిష్పత్తి 10, వెనక 3.73 గేరు, ఇంజిన్‌ని 3000 దాకా ఎగరనిచ్చే 3000 స్టాల్ కన్వర్టర్. నెలకి రెండుసార్లు తీస్తాను.

---

నోవా72, ట్రాయ్, మిషిగన్

గోదారిగట్టు గారూ, ఓరుగల్లు తమ్ముడు తన బండి గురించి చెప్పినదంతా నిజమే. అతని జవాబులో మీకు పనికొచ్చేది ఆ చివరి రెండు వాక్యాలు. ఆ క్యామ్‌కి కావలసినవన్నీ అతని బండిలో ఉన్నాయి. మీ బండిలో ఒక్కటీ లేదు.

ముందు డబ్బా మీది అంకెల సంగతి. వాల్వ్ తెరుచుకున్నట్టు ఎక్కణ్ణుంచి లెక్కపెట్టాలన్నది ఒక్కో కంపెనీ ఒక్కోలా తీసుకుంటుంది. ఒకరు ట్యాపెట్ (లిఫ్టర్ అన్నా అదే, లోబ్ మీద ఆని పుష్‌రాడ్‌ని ఎత్తే ముక్క) 4 థౌ లేవగానే మొదలుపెడతారు, ఇంకొకరు 6 థౌ దగ్గర. అందుకే ఆ పెద్ద అంకెలు పక్కపక్కన పెట్టి పోల్చడానికి పనికిరావు. ట్యాపెట్ 50 థౌ లేచిన దగ్గర్నుంచి మళ్లీ 50కి దిగే దాకా క్రాంకు ఎన్ని డిగ్రీలు తిరిగిందన్నది అందరూ ఒకేలా కొలుస్తారు. ఆ లెక్కన 278 అని రాసిన పెర్ఫార్మర్ 204 డిగ్రీలే. 262 అని రాసినది 218. డబ్బా మీద చిన్నగా కనబడేదే పెద్ద క్యామ్ అన్నమాట. షాపుల్లో చాలామంది ఇక్కడే బోల్తా పడతారు. మీకు అనుమానం రావడం మంచిదైంది.

ఇప్పుడు మీ బండి ఎక్కడ బతుకుతోందో చూద్దాం. టర్బో 350లో మూడో గేరు ఒకటికి ఒకటి. టైరు ఎత్తు 28 అంగుళాలు అనుకుంటే, 3.08 యాక్సిల్‌తో గంటకి 65 మైళ్ల దగ్గర ఇంజిన్ దాదాపు 2400 తిరుగుతుంది. సిగ్నల్ దగ్గర 650, కదిలేటప్పుడు 1500, ఫ్రీవే ఎక్కేటప్పుడు బాగా తొక్కితే 4000. మీ ఇంజిన్ ఆయుష్షులో నూటికి తొంభై వంతులు 1200కీ 3000కీ మధ్యే గడుస్తుంది. 244 డిగ్రీల క్యామ్ ఆ 3000 దగ్గరే నిద్రలేస్తుంది.

కింద ఎందుకు చచ్చిపోతుందో చెప్తాను. డ్యూరేషన్ పెరిగితే ఇన్‌టేక్ వాల్వ్ ఆలస్యంగా మూసుకుంటుంది. పిస్టన్ అడుగు దాకా వెళ్లి మళ్లీ పైకి వస్తున్నా వాల్వ్ ఇంకా తెరిచే ఉంటుంది. వేగంగా తిరుగుతున్నప్పుడు లోపలికొచ్చే గాలికి ఊపు ఉంటుంది కాబట్టి అప్పుడు కూడా నిండుతూనే ఉంటుంది, అక్కడ లాభం. నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు ఆ ఊపు ఉండదు. లోపలికొచ్చిన మిశ్రమాన్నే పిస్టన్ మళ్లీ మానిఫోల్డ్‌లోకి నెట్టేస్తుంది. 10 కంప్రెషన్ ఉన్నవాడు ఆ నష్టానికి తట్టుకుంటాడు. మీ సంవత్సరం 350కి కంపెనీ కాగితం మీద 8.5. నిజంగా కొలిస్తే అంతకన్నా తక్కువే తేలడం మామూలు. ఉన్నదే తక్కువ, అందులోంచి ఇంకా పారబోసుకోలేరు.

మీకు నచ్చిన ఆ దడదడ ఎక్కణ్ణుంచి వస్తుందంటే ఓవర్‌ల్యాప్‌లోంచి. ఎగ్జాస్ట్ ఇంకా మూసుకోక ముందే ఇన్‌టేక్ తెరుచుకుని, రెండూ కలిసి తెరిచి ఉండే కాలం అది. కాలిపోయిన పొగ ఇన్‌టేక్‌లోకి ఎగదన్నుతుంది, ఐడ్లింగ్‌లో సిలిండర్లు ఒకటి మండి ఒకటి మండక ఇంజిన్ ఊగుతుంది. ఈ లెక్క కాగితం మీద మీరే వేసుకోవచ్చు. 50 థౌ దగ్గరి రెండు డ్యూరేషన్లూ కలిపి నాలుగుతో భాగించండి, అందులోంచి లోబ్ సెపరేషన్ (ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ లోబుల కొసల మధ్య కోణం) తీసేయండి, మిగిలినదాన్ని రెండింతలు చేయండి. 292కి 244, 244, సెపరేషన్ 110, వచ్చేది 24 డిగ్రీలు. ఎక్స్‌ఈ262కి సెపరేషన్ అదే 110, వచ్చేది 1. పెర్ఫార్మర్‌కి 112, వచ్చేది మైనస్ 15, అంటే ఆ ఎత్తు దగ్గర రెండు వాల్వులూ కలిసి తెరిచి ఉండే సమయమే లేదు. 24కీ మైనస్ 15కీ మధ్య ఎంత దూరముందో చూశారుగా. ఆ దూరమంతా మీ వ్యాక్యూమ్‌లోంచే, అంటే ఇంజిన్ గాలి పీల్చేటప్పుడు మానిఫోల్డ్‌లో పుట్టి పవర్ బ్రేకులకి బలమిచ్చే ఆ లాగుడులోంచే పోతుంది.

వ్యాక్యూమ్ దగ్గర కాస్త ఆగి నా సంగతి చెప్తాను, ఎందుకంటే నేను ఈ జవాబు రాస్తున్నదే దానికోసం. నా 72 నోవాలో కూడా 350యే. కొన్న కొత్తలో 50 థౌ దగ్గర 236 డిగ్రీల క్యామ్ వేశాను. వెనక గేరు మార్చలేదు, కన్వర్టర్ మార్చలేదు, పిస్టన్లు ముట్టుకోలేదు. గేరు డ్రైవ్‌లో పెట్టి బ్రేకు తొక్కి నిలబడితే వ్యాక్యూమ్ గేజ్ 9 అంగుళాలు (పాదరసం) చూపించేది. చూశాను, చూసి ఊరుకున్నాను. చప్పుడు బాగుంది కదా.

మా దగ్గర ఏటా ఆగస్టులో వుడ్‌వర్డ్ డ్రీమ్ క్రూజ్ జరుగుతుంది. 1995 నుంచి జరుగుతోంది. మైళ్ల కొద్దీ పాతబండ్లు బంపరుకి బంపరు ఆనించుకుని పాకుతూ పోతాయి. వెనక సీట్లో మా ఇద్దరు పిల్లలు. రాయల్ ఓక్‌లో 13 మైల్ రోడ్డు దగ్గర ముందు బండి ఆగింది. నేను బ్రేకు తొక్కాను, పెడల్ రాయిలా నిలబడిపోయింది. బ్రేకు బూస్టర్ డబ్బాలో ఒకటి రెండు తొక్కుళ్లకి సరిపడా వ్యాక్యూమ్ నిలవ ఉంటుంది. బండ్ల బారులో అరగంటగా తొక్కుతూ వదులుతూ ఉంటే ఆ నిలవ అయిపోయింది, 9 అంగుళాలతో అది మళ్లీ నిండలేదు. రెండు కాళ్లూ పెట్టి తొక్కితే ముందు బండికి జానెడు దూరంలో ఆగింది. పిల్లలకి ఏమీ తెలియలేదు, ఐస్‌క్రీం గురించి మాట్లాడుకుంటున్నారు. నాకు మాత్రం చేతులు వణుకు తగ్గడానికి చాలాసేపు పట్టింది. ఆ శీతాకాలమే ఆ క్యామ్ పీకేశాను.

మీది నోవా కన్నా బరువైన బండి. రోజూ ఐ-10 ట్రాఫిక్‌లో పాకాలి. ఐడ్లింగ్‌లో వ్యాక్యూమ్‌ని 16 అంగుళాల కన్నా కిందకి దించే ఏ క్యామూ మీరు వెయ్యకండి.

కాబట్టి నా మాట 204/214. ఇన్‌టేక్ లిఫ్ట్ 420 థౌ, ఎగ్జాస్ట్ 442. కంపెనీ క్యామ్ కన్నా అన్ని చోట్లా కాస్త మెరుగు, కింద ఏమీ పోదు, మీ గేరుకీ కన్వర్టర్‌కీ సరిపోతుంది. 218/224 మంచి క్యామే, నాకు చాలా ఇష్టం. కానీ దానికి 9 పైన కంప్రెషన్, 3.42 గేరు ఉంటే అందం. పైగా దాని లిఫ్ట్ 462, 469. పాత హెడ్‌లలో వాల్వ్ స్ప్రింగుని పట్టి ఉంచే రిటైనర్ దిగొచ్చి వాల్వ్ గైడ్ సీలుని తగిలేది ఆ చుట్టుపక్కలే. కొలవకుండా వేస్తే సీళ్లు చితికిపోతాయి. రెండింటి మధ్య తేల్చుకోలేకపోతే చిన్నదే తీసుకోండి.

రోలర్ గురించి: ఈ ఇంజిన్లలో కంపెనీ రోలర్ లిఫ్టర్లు 1987లో వచ్చాయి. మీ బ్లాకులో వాటిని తిరగకుండా పట్టి ఉంచే ఏర్పాటు లేదు. జంటగా బిగించిన లిఫ్టర్లు దొరుకుతాయి గానీ ఖర్చు చాలా ఎక్కువ. ఆ డబ్బుతో జంట ఎగ్జాస్ట్ పైపులు, మంచి మఫ్లర్లు వేయించుకోండి. మీకు కావలసిన చప్పుడులో సగం పైగా అక్కడే దొరుకుతుంది.

వాల్వ్ స్ప్రింగులు మాత్రం కొత్తవి వెయ్యండి. ఇన్నేళ్లు నలిగిన స్ప్రింగు మీద నమ్మకం పెట్టుకోకూడదు. టైమింగ్ చైనూ కొత్తదే. పాతదాంట్లో నైలాన్ పళ్ల గేరు ఉంటే అది విరిగి ముక్కలై ఆయిల్ పంపు నోట్లో పడుతుంది.

---

గోదారిగట్టు

అన్నా, మీ జవాబు మా ఆవిడకి చదివి వినిపించాను. 13 మైల్ రోడ్డు దగ్గరికి వచ్చేసరికి తను ఇక 292 మాట ఎత్తొద్దంది. పెర్ఫార్మర్ క్యామ్, లిఫ్టర్లు, చైన్, స్ప్రింగులు, గాస్కెట్లు ఆర్డర్ పెట్టేశాను. పాత లిఫ్టర్లు పదహారింట్లో పదిహేను బాగానే ఉన్నట్టు కనిపిస్తున్నాయి. సెట్‌లో కొత్తవి వస్తున్నాయి కాబట్టి ఇవి దాచుకుంటే తర్వాత పనికొస్తాయా?

---

ఆటోనగర్ బాబాయ్, విజయవాడ

అబ్బాయ్, ముందు ఆ లిఫ్టర్లు చెత్తబుట్టలో వెయ్యి. తర్వాత నా మాట విను.

నేను ఆటోనగర్‌లో ముప్పై ఎనిమిదేళ్లు లారీ ఇంజిన్లు విప్పి బిగించినవాణ్ణి. అమెరికా బండి నేను చూడలేదు. కానీ క్యామ్ బ్లాకులో ఉండి, ట్యాపెట్ మీద పుష్‌రాడ్ నిలబెట్టిన ఇంజిన్ ఎక్కడిదైనా ఒకటే ధర్మం. మీ నాన్నగారి అంబాసిడర్‌ది కూడా ఆ జాతే.

ట్యాపెట్ అడుగు చూస్తే బల్లపరుపుగా కనిపిస్తుంది. రెండు కొత్తవి తీసుకుని అడుగులు ఎదురెదురుగా ఆనించి వెలుతురుకి పట్టి చూడు, అంచుల్లో సన్నగా సందు కనపడుతుంది. నడుమ వెంట్రుకవాసి ఉబ్బు ఉంటుంది. లోబ్ కూడా ఒక పక్కకి అంతే వాసి వాలి ఉంటుంది. ఆ వాలు వల్ల ట్యాపెట్ లేస్తూ పడుతూనే తన బొక్కలో తాను గుండ్రంగా తిరుగుతుంది. తిరిగితేనే బతుకు. తిరగడం ఆగిందా, ఒకే చోట రుద్దుకుని లోబ్‌ని తినేస్తుంది. నీ ఐదో సిలిండర్లో జరిగింది బహుశా అదే. వాడిన ట్యాపెట్‌కి ఆ ఉబ్బు పోతుంది. ఏ లోబ్ మీద అరిగిందో ఆ లోబ్‌కే అది జత. దాన్ని కొత్త క్యామ్ మీద పెడితే గంటలో క్యామ్ నాశనం. మా షెడ్డులో ఒక ఓనరు ఖర్చు తగ్గించుకుందామని పాతవే వెయ్యమని పట్టుబడితే ఒకసారి వేశాను. వారం తిరక్కుండా బండి మళ్లీ వచ్చింది. నేను ఒప్పుకోకుండా ఉండాల్సింది. ఆ తప్పు నాదే.

ఇంకో మాట ఇక్కడ ఎవరూ అడగలేదు. ఎగ్జాస్ట్ 400 లేవాల్సింది 215 లేస్తోందన్నావు. రాకర్ లెక్క తీసేసినా లోబ్ మీద నూరు థౌ పైన ఇనుము పోయింది. ఆ ఇనుము ఎక్కడికి పోయింది? గాల్లో కలవలేదుగా. నీ ఆయిల్లోనే ఉంది. ఫిల్టర్ కొంత పట్టి ఉంటుంది. చల్లటి పొద్దున ఆయిల్ చిక్కగా ఉన్నప్పుడు ఫిల్టర్ పక్కన ఉండే బైపాస్ తెరుచుకుంటుంది, అప్పుడు వడకట్టని ఆయిలే బేరింగులకి పోతుంది. పాత ఫిల్టర్ పారెయ్యకు. రేకు కోసి, లోపలి కాగితం విప్పి, ఎండలో పెట్టి చూడు. అయస్కాంతం తగిలించు. ఆ తర్వాత సంపు (ఇంజిన్ అడుగున ఉండే ఆయిల్ తొట్టి) దించి, మెయిన్ బేరింగ్ క్యాపులు ఒక్కొక్కటే విప్పి, బేరింగు మీద గోరు పెట్టి గీసి చూడు. గీతలు తగులుతుంటే బేరింగులు మార్చాకే క్యామ్. సంపు, ఆయిల్ పంపు నోటి జల్లెడ కిరసనాయిల్‌తో కడుగు. ఈ పని చెయ్యకుండా ఎంత మంచి క్యామ్ వేసినా మురికినీళ్ల బావిలో కొత్త మోటారు దించినట్టే.

---

నోవా72

బాబాయ్ గారికి దండం. నేను క్యామ్ ధ్యాసలో పడి ఆ ఇనుము సంగతే మర్చిపోయాను. గోదారిగట్టు గారూ, ఆయన చెప్పినదంతా చేశాకే ముందుకెళ్లండి.

బిగించేటప్పుడు కొన్ని చోట్ల జాగ్రత్త. క్యామ్ ముక్కుకి ఉన్న మూడు బోల్టు బొక్కల్లో పొడుగు బోల్టులు బిగించుకోండి, పట్టుకోవడానికి పిడి దొరుకుతుంది. ఒక్కో జర్నల్ (బేరింగులో కూర్చునే గుండ్రటి భాగం) దాటేటప్పుడు బరువు చేతిమీదే ఉంచుకోండి. లోబ్ అంచు తగిలితే మెత్తటి క్యామ్ బేరింగు చెక్కుకుపోతుంది. లోబులకీ లిఫ్టర్ అడుగులకీ డబ్బాలో ఇచ్చిన నల్లటి పేస్టు ధారాళంగా పూయండి.

టైమింగ్ గేర్ల మీద చుక్కలు, పై గేరుది కిందకీ కింది గేరుది పైకీ, ఎదురెదురుగా పెడతారు. ఆ స్థితిలో మండడానికి సిద్ధంగా ఉండేది ఆరో సిలిండర్, మొదటిది కాదు. చుక్కలు కలిపి డిస్ట్రిబ్యూటర్‌ని ఒకటో నంబరు వైరుకి పెట్టేసి, స్టార్ట్ కాక, అరగంట స్టార్టర్ కొడుతూ ఉంటారు. కొత్త క్యామ్‌కి అంతకన్నా హాని లేదు, పూసిన పేస్టంతా తుడిచిపెట్టుకుపోతుంది. క్రాంకుని ఇంకో చుట్టు తిప్పి అప్పుడు డిస్ట్రిబ్యూటర్ పెట్టండి. మొదటి కొట్టుకే అందుకోవాలి.

లిఫ్టర్ ప్రీలోడ్ (లిఫ్టర్ మీద ముందుగా పెట్టే బిగువు) పెట్టేటప్పుడు పుష్‌రాడ్‌ని వేళ్లతో తిప్పుతూ చూడకండి, బిగువు అందాజు తప్పుతుంది. పైకీ కిందకీ ఆడించండి. ఆట పోయిన చోట ఆపి, అక్కణ్ణుంచి రాకర్ నట్టు అర చుట్టు బిగించండి.

స్టార్ట్ అయ్యాక ఐడ్లింగ్‌కి వదలొద్దు. వెంటనే 2000 మీదకి తీసుకెళ్లి, 2000కీ 2500కీ మధ్య పైకీ కిందకీ మారుస్తూ ఇరవై నిమిషాల నుంచి అరగంట దాకా ఉంచండి. లోబుల మీదకి ఆయిల్ నేరుగా వచ్చే దారి లేదు. క్రాంకు విసిరిన తుంపరలే దిక్కు, ఐడ్లింగ్‌లో ఆ తుంపర చాలదు. అంతసేపు రేజ్‌లో ఉంటుంది కాబట్టి రేడియేటర్ ముందు పెద్ద ఫ్యాన్ ఒకటి పెట్టుకోండి.

ఆయిల్ మామూలు కారు ఆయిల్ వద్దు. 2004 తర్వాత వచ్చిన గ్రేడ్లలో కాటలిటిక్ కన్వర్టర్ పాడవకుండా జింకు, ఫాస్ఫరస్ బాగా తగ్గించారు. ఇలాంటి ట్యాపెట్లకి ఆ జింకే ప్రాణం. బ్రేక్-ఇన్ ఆయిల్ అని విడిగా దొరుకుతుంది, అది వెయ్యండి. తర్వాత కూడా జింకు ఎక్కువున్నదే వాడండి.

---

గోదారిగట్టు

ఐదు వారాల తర్వాత వస్తున్నాను. ఆలస్యానికి కారణం బాబాయ్ గారు అడిగిన ఆ ఒక్క ప్రశ్న.

పాత ఫిల్టర్ కోశాను. కాగితం మడతల్లో వెండి రంగు బురద. అయస్కాంతం పెడితే గడ్డంలా లేచి నిలబడింది. సంపు దించి బేరింగులు చూస్తే ఐదో మెయిన్ మీద గోరుకి తగిలేంత గీతలు మూడు, రాడ్ బేరింగుల్లో రెండింటి మీద నల్లటి చుక్కలు దిగబడి ఉన్నాయి. క్రాంకు జర్నల్ మాత్రం నున్నగా ఉంది, గోరు జారిపోతోంది. అన్ని బేరింగులూ, ఆయిల్ పంపూ కొత్తవి వేశాను. ఇవి చూడకుండా క్యామ్ వేసి ఉంటే ఏమయ్యేదో తలచుకుంటే భయమేస్తోంది.

బయటికి తీసిన పాత క్యామ్ మీద ఐదో సిలిండర్ ఎగ్జాస్ట్ లోబ్ ముక్కు లేదు. కోడిగుడ్డు కొస ఉండాల్సిన చోట మొండిగా గుండ్రంగా ఉంది. దాని లిఫ్టర్ అడుగు బొట్టుబిళ్ల పెట్టిన గుంటలా లోపలికి తినేసింది. మిగతా పదిహేనూ బాగున్నాయనుకున్నాను కదా, స్టీల్ స్కేల్ అడ్డంగా పెట్టి చూస్తే అందులో ఏడు కూడా నడుమ పల్లం పడ్డాయి.

మొదటి కొట్టుకే అందుకుంది అన్నా! మా ఆవిడ యాక్సిలరేటర్ దగ్గర, నేను వాల్వ్ కవర్ల పక్కన టార్చి పట్టుకుని. పుష్‌రాడ్లకి ముందే తెల్ల మార్కర్‌తో ఒక్కో గీత గీసి పెట్టాను. స్టార్ట్ అవగానే ఒక పక్క కవర్ తీసి ఆయిల్ చిందుతున్నా లెక్కచెయ్యకుండా చూశాను, గీతలన్నీ మెల్లగా గుండ్రంగా తిరుగుతున్నాయి. ఇంకో పక్కా చూశాను. పదహారూ తిరుగుతున్నాయి. పాతికో నిమిషం దాకా ఆగి అప్పుడు ఐడ్లింగ్‌కి దించాను.

700 దగ్గర వ్యాక్యూమ్ 18 అంగుళాలు, సూది కదలకుండా నిలబడింది. ఇగ్నిషన్ మొదట 12 డిగ్రీలు, 3000 దగ్గర మొత్తం 34. ఫ్రీవే ర్యాంపు మీద ఇంతకుముందు లారీ వస్తుంటే వెయిట్ చేసేవాణ్ణి. ఇప్పుడు సగం తొక్కితే చాలు, 2000 నుంచే ఎత్తుకుంటోంది. చప్పుడు నున్నగా ఉంది. ఆ కమారో దడదడ రాలేదు, కొంచెం బెంగ ఉన్న మాట నిజమే. పైపులు వచ్చే నెల వేయిస్తాను.

500 మైళ్ల దగ్గర ఆయిల్ మార్చి ఫిల్టర్ మళ్లీ కోశాను. కాగితంలో నలుసుల్లా ఐదారు మెరుపులు కనిపించాయి, అయస్కాంతానికి ఏమీ అంటలేదు. బాబాయ్ గారూ, ఫోటో పెడుతున్నాను. ఇది ఫర్వాలేదా?

---

ఆటోనగర్ బాబాయ్

చూశాను నాయనా. అంటలేదంటే అది ఇనుము కాదు. కొత్త బేరింగులు సర్దుకునేటప్పుడు రాలే నలుసులు. భయం లేదు. ఇంకో 500 మైళ్లకి మళ్లీ ఒకటి కోసి చూడు, అప్పటికి ఇవి కూడా కనపడకూడదు. కనపడితే ఇక్కడ రాయి.

మీ నాన్నగారు రాజమండ్రిలో ఏ స్టాండులో పెట్టేవారు? కోటిపల్లి బస్టాండ్ దగ్గర అంబాసిడర్లు నాలుగైదు మా షెడ్డుకి హెడ్ పనికి వచ్చేవి.